దోమ కడుపులో పాము విషం

తుమకూరు జిల్లా పటం ముందు పెట్టుకుని పావగడ తాలూకాను చూడండి. జిల్లా ఒంటి నుంచి విడివడినట్టు ఉత్తరాన వేరుగా కనిపిస్తుంది. దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే. ఒకపక్క మడకశిర, ఇంకోపక్క పెనుకొండ, పైన కళ్యాణదుర్గం. కచేరీ కాగితం కన్నడంలో, ఇంట్లో మాట తెలుగులో నడిచే చోటు అది. ఊరి పేరులోనే పాము ఉంది. మనం పాము అనేదాన్ని పాత కన్నడంలో 'పావు' అన్నారు. అదే ఇప్పుడు 'హావు' అయింది. గడ అంటే కోట ఉన్న కొండ. తెలుగులో చెప్పుకుంటే పాముకొండ.

అదే తాలూకాలో ఉత్తర పినాకిని ఒడ్డున నాగలమడికె ఉంది. కుక్కే, ఘాటి, నాగలమడికె క్షేత్రాలను ఆది, మధ్య, అంత్య సుబ్రహ్మణ్యాలుగా భక్తులు కొలుస్తారు. నాగలమడికెలో స్వామి చుట్టలు చుట్టుకున్న నాగరూపంలో ఉంటాడు. పొలం దున్నుతుంటే మడకకు తగిలి ఆ విగ్రహం బయటపడిందని అక్కడ చెప్పుకునే కథ. సీమలో సేద్యం చేసినవాళ్లకు ఆ కథ వింతగా ఉండదు. మడకా పామూ ఎప్పుడూ ఒకే చేలో తిరుగుతాయి.

మెట్ట ఊళ్ల రైతుకు తరతరాలుగా రెండు భయాలు. ఒకటి కాలి కింద పాము. రెండోది చలిజ్వరం. ఊరి బావుల్లో, వాగు మడుగుల్లో పెరిగే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అనే దోమ ఆ జ్వరాన్ని ఇంటింటికీ మోసింది. పల్లెల్లో మలేరియాను వ్యాపింపజేసే ప్రధాన దోమ ఇప్పటికీ అదే. ఈ రెండు భయాలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. కానీ పాము విషంలోని కొన్ని పదార్థాలు మలేరియా పరాన్నజీవిని ఆపగలవని పాతికేళ్లుగా ప్రయోగశాలలు చూపిస్తూ వస్తున్నాయి. అవి ఎక్కడ ఆపుతాయి, ఎలా ఆపుతాయి, అయినా మందుల షాపులోకి ఎందుకు రాలేదు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు తెలిస్తే విషం మీద భయంతో పాటు విజ్ఞానం మీద గురి కూడా కుదురుతుంది.

విశాఖలో రాసుకున్న పేర్లు

పాము విషాన్ని ఆధునిక శాస్త్రం పట్టించుకోవడంలో తొలి అడుగులు తెలుగు నేల మీదే పడ్డాయి. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1780లలో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేస్తూ విశాఖపట్నంలో ఉన్నాడు. ఏది విషప్పామో, ఏది కాదో తేల్చి చెబితే జనం ప్రాణాలు కొన్నయినా దక్కుతాయని అతని ఆలోచన. పాములను తెప్పించి, బొమ్మలు గీయించి, స్థానికులు ఏమని పిలుస్తారో అడిగి ఆ తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు పాముల మీద అతని పుస్తకం 1796లో లండన్‌లో వెలువడింది.

అందులో ఒక పేరు 'కాటుక రేకుల పొడ'. పొడ అంటే మచ్చ. ఆ పామును బొమ్మలోనైనా ఒక్కసారి దగ్గరగా చూడండి. వీపు మీద మూడు వరసల్లో కోలగా మచ్చలు ఉంటాయి. ఒక్కో మచ్చ లోపల ముదురు గోధుమ రంగు, దాని చుట్టూ నల్లటి అంచు, ఆ అంచు బయట సన్నటి లేత గీత. అచ్చం కాటుక దిద్దిన పూరేకు. ఆ పేరు పెట్టిన మనిషి ఎవరో గానీ పామును చూసి పారిపోకుండా కాసేపు నిలబడి చూశాడు. శాస్త్రం ఆ పాముకు తర్వాత రసెల్ పేరే పెట్టింది. మనం రక్తపింజర అంటున్నది దాన్నే. రసెల్ రాసుకున్న ఇంకో పేరు 'బంగారు పాము'. అందులోంచే కట్లపాముల జాతికి 'బంగారస్' అనే శాస్త్రీయ నామం వచ్చింది. ప్రపంచంలో ఏ మూల కట్లపాము మీద పరిశోధన పత్రం రాసినా ఆ తెలుగు మాట రాయకుండా కుదరదు.

రసెల్ కోళ్లకూ కుక్కలకూ కాటు వేయించి ఏ పాము విషం ఎంతసేపట్లో చంపుతుందో లెక్క కట్టాడు. విషం ఎలా చంపుతుందన్నది అతని ప్రశ్న. రెండు వందల ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ ప్రశ్నను మలేరియా వైపు తిప్పారు. ఇంత పదునైన పదార్థం మనిషిని కాక, మనిషి ఒంట్లో దూరిన శత్రువును ఆపగలదా అని అడిగారు.

ఒక బొట్టులో ఎన్నో పనిముట్లు

పాము విషం ఒకే ఒక పదార్థం కాదు. ఒక్క బొట్టులో పదుల కొద్దీ, కొన్ని పాముల్లో వంద దాటి ప్రోటీన్లు ఉంటాయి. వడ్రంగి సంచిలో ఉలి, రంపం, బాడిశ వేర్వేరు పనులకు ఉన్నట్టే వీటిలోనూ ఒక్కోదానికి ఒక్కో పని. కొన్ని నరాల సంకేతాన్ని ఆపేస్తాయి. కొన్ని రక్తం గడ్డకట్టే తీరును చెడగొడతాయి. కొన్ని కండను కరిగిస్తాయి.

ఈ కథకు ముఖ్యమైన పనిముట్టు పేరు ఫాస్ఫోలిపేజ్ ఏ2. ఇది ఒక ఎంజైము. మన ప్రతి జీవకణం చుట్టూ ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థంతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. ఒక్కో ఫాస్ఫోలిపిడ్ అణువుకు ఒక తల, రెండు తోకలు. ఫాస్ఫోలిపేజ్ ఏ2 ఆ రెండు తోకల్లో ఒకదాన్ని కచ్చితంగా ఒకే చోట తెంపుతుంది. ఇది పాముల సొత్తు మాత్రమే కాదు. మన క్లోమగ్రంథి తిన్న కొవ్వును అరిగించడానికి ఇదే కుటుంబపు ఎంజైమును తయారు చేస్తుంది. తేనెటీగ ముల్లులోనూ ఉంటుంది. ఒంట్లో మామూలు పనులకు పుట్టిన కత్తెరను పాములు కోట్ల ఏళ్ల పరిణామంలో ఆయుధంగా నూరుకున్నాయి. నాగుపాము, కట్లపాము, పింజర, అమెరికా ఖండాల గిలకపాము, అన్నింటి విషంలోనూ ఇది ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

బేగంపేటలో కనిపించిన గోడ

ఇప్పుడు మలేరియా వైపు రండి. ఇక్కడా మొదటి మెట్టు తెలుగు నేల మీదే ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపు కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. నాలుగు రోజుల ముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టి రక్తం తాగిన దోమ అది. కుట్టించుకున్నందుకు రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. దోమ కడుపు గోడలో రాస్‌కు గుండ్రటి కణాలు కనిపించాయి. వాటి లోపల నల్లటి రేణువులు ఉన్నాయి. మలేరియా పరాన్నజీవి మనిషి నెత్తురులో వదిలే నల్లరంగు అదే. దోమ లోపల మలేరియా బతుకుతుందనడానికి అది తొలి రుజువు. 1902లో నోబెల్ బహుమతి తెచ్చిన ఆ పరిశోధనకు పునాది బేగంపేటలోనే పడింది.

రాస్ చూసిన ఆ గుండ్రటి కణాలను ఊసిస్టులు అంటారు. అవి అక్కడికి ఎలా చేరాయో తెలిస్తేనే పాము విషం పాత్ర అర్థమవుతుంది. రోగిని కుట్టిన దోమ కడుపులోకి రక్తంతో పాటు పరాన్నజీవి ఆడ, మగ కణాలు వెళ్తాయి. అక్కడ అవి కలుస్తాయి. ఒక రోజు గడిచేసరికి వానపాములా కదిలే ఊకినీట్ తయారవుతుంది. తాగిన రక్తం అరిగిపోయేలోగా అది దోమ కడుపు గోడను పట్టుకోవాలి, దాటాలి. దాటితే గోడ అవతలి వైపు ఊసిస్టుగా స్థిరపడి, పది పన్నెండు రోజుల్లో వేల కొద్దీ పిల్లకణాలను విడుదల చేస్తుంది. అవి దోమ లాలాజల గ్రంథికి చేరి, తర్వాతి కాటుతో ఇంకో మనిషి ఒంట్లో పడతాయి. గోడ దాటలేకపోతే తిండితో పాటు ఊకినీట్ కూడా అరిగిపోతుంది. మలేరియా గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన లంకె ఈ గోడ దగ్గరే ఉంది.

పట్టు దొరకనివ్వని అణువు

2001లో వెలువడిన ఒక పరిశోధన సరిగ్గా ఈ లంకె మీదే దెబ్బ వేసింది. అమెరికాలో 'ఈస్టర్న్ డైమండ్‌బ్యాక్' అనే పెద్ద గిలకపాము విషం నుంచి ఫాస్ఫోలిపేజ్ ఏ2ను వేరుచేసి, కోళ్లకు వచ్చే మలేరియా సోకిన రక్తంలో కలిపి దోమలకు తాగించారు. దోమల కడుపుల్లో ఊసిస్టులు ఏర్పడడం ఆగిపోయింది. మనుషుల్లో ప్రాణాలు తీసే ప్లాస్మోడియం ఫాల్సిపేరమ్‌తో ప్రయత్నించినా అదే ఫలితం. మరికొన్ని పాముల విషాల నుంచీ, తేనెటీగ విషం నుంచీ తీసిన ఎంజైములు కూడా ఇలాగే పనిచేశాయి.

ఆ కత్తెర పరాన్నజీవి పొరను కోసి చంపి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నిజం అది కాదు. శాస్త్రవేత్తలు ఎంజైములో కోసే చోటును రసాయనంతో మూసేశారు. కత్తెర మొండి అయింది. అయినా ఊసిస్టులు ఏర్పడలేదు. ఎంజైమును నేరుగా పరాన్నజీవి మీద వదిలితే దానికి ఏమీ కాలేదు. దోమ కడుపు గోడను ముందుగా ఆ ఎంజైములో తడిపి ఉంచితే మాత్రం ఊకినీట్లు గోడను పట్టుకోలేకపోయాయి. తలుపు గడియ పడే బొక్కలో ముందే చెక్కముక్క కొట్టేస్తే గడియ ఎంత బలమైనదైనా పడదు కదా. ఇక్కడ జరిగిందీ అదే. విషం అణువు గోడకు అతుక్కుని, పరాన్నజీవికి పట్టు దొరికే చోటును ఆక్రమించింది.

ఈ ఫలితంలో గొప్ప ఊరట ఉంది. ఈ ఎంజైముకు హాని చేసే గుణం చాలావరకు దాని కోతలో ఉంది. దోమ కడుపులో మలేరియాను ఆపే గుణం దాని ఆకారంలో ఉంది. ఈ రెండూ విడదీయగలిగినవే. అంటే పదును తీసేసి, మేలు చేసే గుణాన్ని మాత్రం ఉంచుకోవచ్చు.

మరుసటి ఏడాదే, 2002లో, మార్సెలో జాకబ్స్-లొరేనా బృందం ఇంకో అడుగు వేసింది. తేనెటీగ విషంలోని ఇదే ఎంజైమును తయారుచేసే జన్యువును అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమలో పెట్టింది. మన పట్టణాల్లో ఇంటి మీది ట్యాంకుల్లో, సంపుల్లో పెరిగి మలేరియా మోసే దోమ ఇదే. రక్తం తాగగానే ఆ దోమ కడుపులో ఎంజైము తనంతట తానే ఊరుతుంది. ఎలుకల మలేరియాతో పరీక్షిస్తే ఊసిస్టులు సగటున 87 శాతం తగ్గాయి. అయితే చిక్కు ఒకటి వచ్చింది. పదునున్న ఎంజైము దోమకే చేటు చేసి, అది పెట్టే గుడ్ల సంఖ్యను తగ్గించింది. బలహీనమైన దోమ మామూలు దోమలతో పోటీపడి తన సంతతిని పెంచలేదు. అందుకే తర్వాత కోసే శక్తి లేని మార్పుచేసిన రూపాన్ని తయారు చేశారు. దాన్ని దోమ జన్యువులో కాక, దోమ కడుపులో సహజంగా బతికే బాక్టీరియా చేత తయారు చేయించే ప్రయత్నాలూ సాగాయి. ఇది రోగికి ఇచ్చే మందు కాదు. దోమకు ఇచ్చే మందు. ఒక ఊళ్లో దోమలు పరాన్నజీవిని మోయడం మానేస్తే ఆ ఊళ్లో జ్వరం గొలుసు అక్కడే తెగుతుంది.

నెత్తురులో ఇంకో దారి

రోగి ఒంట్లో ఉన్న మలేరియా సంగతేమిటి? దీనికి జవాబు వెతికినవాళ్లలో పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం శాస్త్రవేత్తలు ముందున్నారు. 2000లో వాళ్లు తేనెటీగ విషం ఎంజైముతో మొదలుపెట్టారు. ఎర్ర రక్తకణాల్లో పెరుగుతున్న ఫాల్సిపేరమ్ మీద అతి తక్కువ మోతాదు వదిలినా దాని ఎదుగుదల ఆగిపోయింది. తర్వాత నాగుపాము, పింజర కుటుంబాల విషాల నుంచి తీసిన ఫాస్ఫోలిపేజ్‌లతోనూ పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు.

ఇక్కడ విషం పనిచేసే తీరు దోమ కడుపులో కన్నా పూర్తిగా వేరు. ఎంజైము పరాన్నజీవినీ కొట్టదు, అది దాగిన రక్తకణాన్నీ కొట్టదు. మన రక్తరసంలో కొవ్వును మోసుకెళ్లే లైపోప్రోటీన్ రేణువులు తేలుతుంటాయి. కొలెస్టరాల్ పరీక్షలో డాక్టరు లెక్కపెట్టేది వీటినే. ఎంజైము వాటిలోని ఫాస్ఫోలిపిడ్ తోకలను తెంపుతుంది. తెగిన తోకలు కొవ్వు ఆమ్లాలుగా రక్తరసంలో కలుస్తాయి. వాటిలో కొన్ని పరాన్నజీవికి విషం. శత్రువు తాగే నీళ్లనే మార్చేసినట్టు, పరాన్నజీవి బతికే రసాన్నే ఈ ఎంజైము దానికి పనికిరాకుండా చేస్తుంది.

దీన్ని ఇంకాస్త లోతుగా చూస్తే మన ఒంటి తెలివి కూడా బయటపడుతుంది. మలేరియా వచ్చినవాళ్ల రక్తంలో మన సొంత ఫాస్ఫోలిపేజ్ ఏ2 స్థాయి బాగా పెరుగుతుందని 1990ల నుంచే తెలుసు. జబ్బుతో పోరాడడానికి ఒళ్లు అదే కుటుంబపు కత్తెరను బయటికి తీస్తుండవచ్చు. పాము విషం మీద మొదలైన పరిశోధన తిరిగి తిరిగి మన నెత్తురులోని రక్షణ దగ్గరికే తీసుకొచ్చింది.

మూడో దారి బ్రెజిల్ నుంచి వచ్చింది. దక్షిణ అమెరికా గిలకపాము విషంలో క్రోటమిన్ అనే పొట్టి ప్రోటీన్ ఉంది. 42 అమైనో ఆమ్లాల గొలుసు అది. దాని ప్రత్యేకత కణాల్లోకి సులువుగా దూరగలగడం. 2016లో వెలువడిన పరిశోధనలో క్రోటమిన్ పరాన్నజీవి ఉన్న ఎర్రకణంలోకి దూరి, లోపల ఆమ్లంతో నిండిన అరలను దెబ్బతీసి ఫాల్సిపేరమ్ ఎదుగుదలను అడ్డుకుంది. మన హిమోగ్లోబిన్‌ను పరాన్నజీవి తిని అరిగించుకునేది అలాంటి ఆమ్లపు అరలోనే. పాత మలేరియా మందు క్లోరోక్విన్ దెబ్బతీసిందీ అక్కడే. ఇరాన్‌లో ఓ రకం నాగుపాము విషాన్ని భాగాలుగా విడదీసి అందులో ఏ భాగం మలేరియా మీద పనిచేస్తుందో పరీక్షించారు. కొలంబియాలోనూ గిలకపాము విషాలతో ఇలాంటి పని జరిగింది. మలేరియా ఉన్న దేశాలే తమ పాములను తాము చదువుకుంటున్నాయి.

మరి మందు ఏది?

ఇంత జరిగినా పాము విషం నుంచి వచ్చిన మలేరియా మందు నేటికీ ఒక్కటి కూడా రోగికి అందలేదు. దానికి కారణాలు గట్టివి.

మొదటిది మోతాదు. గాజు గిన్నెలో పరాన్నజీవిని ఆపడం ఒక ఎత్తు. కాలేయం, గుండె, నరాలు ఉన్న మనిషి ఒంట్లో దాన్ని మాత్రమే ఆపి తక్కినవాటిని వదిలేయడం ఇంకో ఎత్తు. గిలకపాము విషంలోని క్రోటాక్సిన్ పరాన్నజీవిని ఆపుతుంది, కానీ అది నరాలను పడగొట్టే బలమైన విషం కూడా. రెండోది దారి. ప్రోటీన్లను మింగితే కడుపు వాటిని పప్పులా అరిగించేస్తుంది. సూదితోనే ఇవ్వాలి. మూడోది రోగనిరోధం. బయటి ప్రోటీనును ఒళ్లు శత్రువుగా గుర్తుపట్టి ఎదురుతిరగవచ్చు. నాలుగోది ధర. మలేరియా ఎక్కువగా పేదల జబ్బు. ఆశా కార్యకర్త సంచిలో పట్టి, చల్లటి పెట్టె అవసరం లేకుండా, మూడు రోజుల్లో ముగిసే మాత్ర కావాలి వాళ్లకు.

అలాగని వెతకడం మానలేం. 2023లో ప్రపంచంలో 26 కోట్ల 30 లక్షల మందికి మలేరియా వచ్చిందనీ, 5 లక్షల 97 వేల మంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సింకోనా బెరడు నుంచి క్వినైన్ వచ్చింది. చైనాలో టూ యూయూ బృందం 1972లో ఒక చేదు మొక్క ఆకు నుంచి ఆర్టిమిసినిన్‌ను వేరుచేసింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. మధ్యలో వచ్చిన క్లోరోక్విన్‌కు ఫాల్సిపేరమ్ లొంగడం మానేసింది. ఆర్టిమిసినిన్‌కూ కంబోడియా వైపు మొదలై, ఇప్పుడు తూర్పు ఆఫ్రికాలోనూ నిరోధకత తలెత్తుతోంది. ఒక మందు పదును పోయేలోపు ఇంకో మందు సిద్ధంగా ఉండాలి. కొత్త మందు కొత్త చోట దెబ్బ వేయాలి. విషం అణువులు అలాంటి కొత్త చోట్లను చూపిస్తున్నాయి.

విషం మందైన దారి ఇదివరకే ఉంది

ఇది జరగని పని కాదు. బ్రెజిల్‌లో జరారాకా అనే పాము కరిచినవాళ్లకు రక్తపోటు దారుణంగా పడిపోయేది. 1965లో సెర్జియో ఫెరీరా ఆ విషంలో దానికి కారణమైన పొట్టి పెప్టైడ్లను గుర్తించాడు. వాటిలో ఒకదాన్ని సూదిగా ఇస్తే రక్తపోటు తగ్గింది, కానీ మింగితే పనిచేయలేదు. అమెరికా రసాయనవేత్తలు డేవిడ్ కష్మన్, మిగ్వెల్ ఒండెట్టి విషాన్ని వదిలేసి, అది రక్తపోటును పెంచే ఒక ఎంజైములో ఏ సందులో ఎలా ఇరుక్కుంటుందో చదివి, ఆ ఆకారానికి సరిపోయే చిన్న అణువును తయారు చేశారు. అదే కాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు రక్తపోటుకు వేసుకునే మాత్రల్లో ఒక పెద్ద కుటుంబం మొత్తానికి అదే మూలం.

ఇంకో ఉదాహరణ పావగడ, అనంతపురం వైపు రాళ్ల మెట్టల్లో తిరిగే పాముదే. దాన్ని చిన్న పింజర అంటారు. రెండడుగులు మించని ఒళ్లు, ఎండిన మట్టి రంగు, తల మీద బాణం గుర్తు లాంటి లేత మచ్చ. బెదిరితే పారిపోదు. ఒంటిని వంకీలుగా మడిచి, పక్కల మీది గరుకు పొలుసులను ఒకదానితో ఒకటి రాస్తుంది. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్‌మని శబ్దం వస్తుంది. దాని విషం రక్తం గడ్డకట్టే పద్ధతినే చెడగొట్టి, కాటు పడినవాళ్లకు చిగుళ్ల నుంచి కూడా నెత్తురు కార్పిస్తుంది. ఆ విషంలోని ఎకిస్టాటిన్ అనే ప్రోటీన్ నెత్తురులోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపుతుంది. దాని ఆకారాన్ని చూసి టైరోఫిబాన్ అనే మందు తయారైంది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్ల రక్తనాళంలో గడ్డ పెరగకుండా ఆ మందు ఇస్తారు. చేలో రైతు భయపడే పాము, పట్నంలో గుండె వార్డులో ఊపిరి నిలబెడుతోంది.

మలేరియాకు కూడా దారి ఇదే అవుతుందని నా నమ్మకం. విషాన్ని ఎక్కించడం కాదు, విషం నేర్పే పాఠాన్ని తీసుకోవడం. దోమ కడుపు గోడ మీద ఫాస్ఫోలిపేజ్ ఏ2 ఏ అణువును పట్టుకుంటోంది? క్రోటమిన్ పరాన్నజీవి ఉన్న కణంలోకి ఎలా దూరుతోంది? రక్తరసంలో తెగిన ఏ కొవ్వు ఆమ్లం పరాన్నజీవికి విషమవుతోంది? ఈ మూడింటికీ పూర్తి జవాబులు దొరికితే, పాము అక్కర్లేని మాత్ర ఒకటి తయారు చేయడానికి రసాయనవేత్తకు నమూనా దొరుకుతుంది.

ముందు తీర్చాల్సిన బాకీ

ఈ పనిలో మనకు ఒక వసతి ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ నడిపే ప్రయోగశాల దేశమంతటా పాముల విషాలను పోల్చి చదువుతోంది. ఒకే జాతి పాము అయినా ఒక ప్రాంతంలో ఒకలా, ఇంకో ప్రాంతంలో ఇంకోలా విషం ఉంటుందని ఆ పరిశోధనలు చూపించాయి. మందు వెతికేవాళ్లకు ఇది నిధి. ప్రతి ప్రాంతపు పామూ ఒక కొత్త అణువుల పెట్టె. కాటు పడినవాళ్లకు మాత్రం ఇదే చిక్కు. మన విరుగుడు సూది మందుకు కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుల తెగవాళ్ల సహకార సంఘం పట్టే పాముల నుంచి వస్తుంది. 1978లో మొదలైన ఆ సంఘం నైపుణ్యం వల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి. అయితే ఒక ప్రాంతపు విషంతో చేసిన మందు ఇంకో ప్రాంతపు కాటుకు అంతే బాగా పనిచేయకపోవచ్చు.

మందు దొరికే రోజు ఇంకా ముందుంది. కాటు మాత్రం ఈ రోజే పడుతోంది. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో భారతదేశంలో పాము కాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల మంది. దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. అంటే మన చెనిక్కాయ విత్తి, కలుపు తీసే నెలలు. ఎక్కువగా చనిపోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కర్ణాటక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పాము కాటును ఆసుపత్రులు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. అదే ఏడాది కేంద్రం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించే జాతీయ ప్రణాళికను ప్రకటించింది. లెక్క తెలిస్తేనే ఏ తాలూకా ఆసుపత్రిలో ఎన్ని సీసాల విరుగుడు ఉంచాలో తెలుస్తుంది. పావగడలో పడిన ప్రతి కాటూ ఆ లెక్కలోకి ఎక్కాలి.

కాటు పడిన తర్వాత గంటలు ఎందుకు విలువైనవో చెప్పడానికి మళ్లీ ఆ ఫాస్ఫోలిపేజ్ ఎంజైమే సాక్షి. కట్లపాము విషంలో బీటా బంగారోటాక్సిన్ అనే అణువు ఉంటుంది. దాని పేరులోనూ మన బంగారు పామే. అందులో ఒక సగం ఫాస్ఫోలిపేజ్ ఏ2 కుటుంబానిదే. అది నరం చివరను చేరి లోపలి నుంచి ధ్వంసం చేస్తుంది. రక్తంలో తిరుగుతున్న విషాన్ని విరుగుడు మందు పట్టుకోగలదు. నరం చివర అప్పటికే పాడైపోతే దాన్ని బాగుచేయలేదు. మంత్రగాడి దగ్గర, పసరు మందు దగ్గర పోయే ప్రతి గంటా ఆ నరాల లెక్కలోంచే పోతుంది.

అందుకే ఈ వ్యాసం చదివినవాళ్లకు నాలుగు మాటలు. ఎవరైనా పాము విషంతో జ్వరం తగ్గిస్తామంటే నమ్మకండి. అలాంటి మందు నేటికీ లేదు. చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించి, ఇచ్చిన మాత్రలు చివరి రోజు దాకా వేసుకోండి. చేలో, దొడ్లో చీకట్లో తిరిగేటప్పుడు టార్చి, కాళ్లకు బూట్లు ఉండాలి. కాటు పడితే కోయకండి, గట్టిగా కట్టకండి. కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.